డిలే పెడల్, లూపర్, జమిడిక: కూత ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న: అన్నా, నేను హనుమకొండలో ఉండి కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. తీగ ఉన్న మన జానపద వాద్యం జమిడిక వాయిస్తూ పాడతాను. నాకు వంత పాడేవాళ్లు లేరు. అందుకని ఆ పని పలికినదాన్ని కాసేపాగి తిరిగి పలికే డిలే పెడల్‌తో, పాడినదాన్ని పట్టి మళ్లీ మళ్లీ తిప్పే లూపర్‌తో చేయించుకుంటున్నాను. నా దగ్గర ఆరు చానెళ్ల చిన్న మిక్సర్ ఉంది. ఒకటో చానెల్ గొంతు మైకుకు, రెండోది జమిడిక మైకుకు. ఆక్స్ (చానెల్ శబ్దంలో కొంత పక్కదారిలో బయటికి పంపే నాబ్) నుంచి డిలే పెడల్‌కు పంపి, అక్కడి నుంచి ఐదో చానెల్‌లోకి తెచ్చుకుంటాను. ఎకో ఇంకాస్త సాగాలని ఐదో చానెల్‌లో కూడా ఆక్స్ కొంచెం తిప్పి పెట్టాను. మెయిన్ అవుట్ లూపర్‌లోకి, లూపర్ నుంచి స్పీకర్‌కు వెళ్తుంది. గదిలో స్పీకర్ బదులు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే బాగానే ఉంటుంది కానీ అప్పుడప్పుడు ఎకో తనంతట తానే పెరిగిపోతుంది. మొన్న ఒక హాలులో పాడితే మైకు కూసింది. లూపర్‌లో నాలుగైదు పొరలు వేసేసరికి పాట గొట్టంలోంచి వస్తున్నట్టు అయిపోయింది. మెయిన్ తగ్గిస్తే ఆగింది, పెంచగానే మళ్లీ మొదలైంది. ఫీడ్‌బ్యాక్‌ను ఆపే యంత్రం కొనమని ఒకరు, పెడల్ మార్చమని మరొకరు చెబుతున్నారు. ఏం చేయాలి? పాట చివర ఎకో ఉప్పొంగడం మాత్రం నాకు ఇష్టం. అది పోకూడదు.
ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు:

తమ్ముడూ, కనెక్షన్లన్నీ వరసగా రాసి పంపి మేలు చేశావు. మైకు కూస్తోంది అని ఒక్క ముక్క రాస్తే ఎవరైనా ఏం చెప్పగలరు? ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో తెలిస్తేనే కూత ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. ముందుగా నీ డబ్బు సంగతి: ఏమీ కొనకు, పెడల్ మార్చకు. నీ సామానులో లోపం లేదు. నువ్వు ఒక ఫీడ్‌బ్యాక్‌తో కుస్తీ పడుతున్నానని అనుకుంటున్నావు. నీ ఉత్తరంలో నాకు నాలుగు కనిపిస్తున్నాయి. పెడల్ లోపలిది ఒకటి. ఐదో చానెల్ ఆక్స్ ద్వారా నువ్వే కట్టినది రెండోది. స్పీకర్ నుంచి గాలిలో మైకుకు చేరేది మూడోది. లూపర్‌లో పొర మీద పొర వేసేటప్పుడు పుట్టేది నాలుగోది. విడివిడిగా చూస్తే ఏదీ హద్దు దాటి ఉండకపోవచ్చు. అవి కలిసినప్పుడే నీ పాట చేయి దాటిపోతోంది.

లెక్క చిన్నదే, ఒకసారి ఒంటబట్టిందంటే జీవితాంతం పనికొస్తుంది. శబ్దం ఒక చోట బయలుదేరి తిరిగి అదే చోటికి చేరే దారి ఏదైనా ఫీడ్‌బ్యాక్ చుట్టే. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి శబ్దం ఎన్నో వంతు మిగిలింది అన్నదే చూడాలి. సగం మిగిలితే 0.5. అంటే చుట్టుకు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పది చుట్లలో 60 డెసిబెల్స్ తగ్గి దాదాపు వినపడకుండా పోతుంది. డిలే 400 మిల్లీసెకన్లు పెట్టుకుంటే ఇదంతా 4 సెకన్ల పని. 0.7 మిగిలితే చుట్టుకు సుమారు 3 డెసిబెల్స్, ఇరవై చుట్లు, 8 సెకన్లు. 0.9 అయితే చుట్టుకు ఒక డెసిబెల్ కూడా తగ్గదు. ఎకో 26 సెకన్ల దాకా వేలాడుతుంది. 0.5 నుంచి 0.7కు వెళ్తే 4 సెకన్లే పెరిగింది, 0.7 నుంచి 0.9కు వెళ్తే 18 సెకన్లు పెరిగింది చూశావా? నాబ్‌ను మొదట్లో ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు, చివరిలో వెంట్రుకవాసి తిప్పినా కొంప మునుగుతుంది అని అందరూ అనేది ఇందుకే.

సరిగ్గా 1 దగ్గర ఎకో తగ్గదు, పెరగదు. 1 దాటిందంటే అది చక్రవడ్డీ. 1.1 అంటే వినడానికి చిన్న సంఖ్యే, కానీ పదో చుట్టుకు అసలు రెండున్నర రెట్లు దాటుతుంది, ఇరవయ్యో చుట్టుకు ఏడు రెట్లకు దగ్గరవుతుంది. ఈ చిక్కు మన పాటగాళ్లకే కాదు, ఒకప్పుడు దూరపు టెలిఫోన్ లైన్లలో మాటను పెంచి పంపే పరికరాలు కూడా ఇలాగే కూసేవి. ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్లిఫయర్ ఎప్పుడు నిలకడగా ఉంటుందో, ఎప్పుడు అదుపు తప్పుతుందో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హ్యారీ నైక్విస్ట్ 1932లో గణితంతో తేల్చాడు. నీ ఆరు చానెళ్ల మిక్సర్‌కూ అదే గణితం వర్తిస్తుంది.

ఇప్పుడు నీ మొదటి రెండు చుట్లు చూద్దాం. పెడల్‌లో ఫీడ్‌బ్యాక్ నాబ్ 0.6 దగ్గర ఉందనుకో. దాని మానాన దానిని వదిలేస్తే మర్యాదగా తగ్గిపోతుంది. ఐదో చానెల్ ఆక్స్ ద్వారా ఇంకో 0.5 తిరిగి పెడల్‌లోకి వెళ్తోందనుకో. అది కూడా ఒంటరిగా ఉంటే మర్యాదస్తురాలే. కానీ రెండూ ఒకే పెడల్‌లోంచి, ఒకే డిలే సమయంతో తిరుగుతున్నాయి కనుక రెండూ కూడతాయి. 0.6, 0.5 కలిపితే 1.1. గదిలో హెడ్‌ఫోన్లతో ఉన్నప్పుడు కూడా ఎకో తనంతట తానే పెరిగిందని రాశావే, అందుకు కారణం ఇదే. అప్పుడప్పుడు మాత్రమే ఎందుకంటే, నువ్వు ఒక్కో రోజు ఒక్కో నాబ్‌ను ఒక్కో చోట పెడుతున్నావు. మెయిన్ తగ్గిస్తే ఆగినట్టే ఆగి, పెంచగానే మళ్లీ మొదలవడానికి కూడా కారణం ఇదే. ఆ చుట్టు మెయిన్ ఫేడర్‌ను, అంటే మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే మీటను, తాకనే తాకదు. ఐదో చానెల్ నుంచి ఆక్స్‌కు, ఆక్స్ నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి మళ్లీ ఐదో చానెల్‌కు తిరుగుతూ ఉంటుంది. నువ్వు తలుపు మూశావు, లోపల మంట మండుతూనే ఉంది.

పెడల్ మీద మిక్స్ అని ఒక నాబ్ ఉంటుంది. అది ఎక్కడ ఉందో నువ్వు రాయలేదు. ఆక్స్ మీద వాడే పెడల్‌లో దానిని పూర్తిగా ఎకో వైపుకు తిప్పేయాలి. అసలు గొంతు ఎలాగూ ఒకటో చానెల్ నుంచి నేరుగా వస్తోంది. మిక్స్ సగంలో ఉంటే అసలు గొంతు కూడా పెడల్‌లోంచి బయటికి వచ్చి, ఐదో చానెల్ ఆక్స్ ద్వారా మళ్లీ పెడల్‌లోకి దూరుతుంది. ఆ దారిలో డిలే అన్నదే లేదు. అది హద్దు దాటితే ఎకోలా ఒక్కో అడుగు పెరగదు, రెప్పపాటులో చెవులు చిల్లులు పడే ఈల అవుతుంది. హద్దు దాటకపోయినా కొన్ని స్వరాలను ఉబ్బించి, కొన్నిటిని మింగేసి గొంతు రంగు మార్చేస్తుంది.

సరే, ఇన్ని చుట్లలో తప్పు చేస్తున్నది ఏదో చెవితోనే పట్టుకోవచ్చు. పెరుగుదల డిలే లయలో, ఒక్కో వంతకు ఒక్కో మెట్టుగా వస్తే దోషం పెడల్‌దో, ఐదో చానెల్ ఆక్స్‌దో. ఒకే శ్రుతిలో ఉన్నట్టుండి కూయడం మొదలై, మైకుకు చెయ్యి అడ్డం పెట్టినా, పక్కకు జరిపినా శ్రుతి మారితే అది గాలిలోంచి వస్తున్న చుట్టు. లూపు ఒక పూర్తి ఆవర్తనం తిరిగినప్పుడల్లా కాస్త ముదురుతుంటే లూపర్ పొరల సంగతి. అనుమానం ఉంటే స్పీకర్ ఆపి హెడ్‌ఫోన్లు పెట్టుకో. ఆగిపోతే గాలి, ఆగకపోతే తీగలు.

నా సలహా ఇది: రెండు చుట్లను ఒకటి చేసుకో. చాలామంది ఐదో చానెల్ ఆక్స్‌ను సున్నాకు తిప్పేసి పెడల్ నాబ్‌ను మాత్రమే వాడుకోమంటారు. అది భద్రమైన దారి, దానిలో తప్పు లేదు. కానీ నీకు చివర ఉప్పొంగాలి. కాబట్టి నేను రెండో దారి చెబుతాను. పెడల్‌లోని ఫీడ్‌బ్యాక్‌ను సున్నా చెయ్యి. మిక్స్ పూర్తిగా ఎకో వైపు పెట్టు. ఇప్పుడు పెడల్ ఒక్కసారే పలికి ఊరుకుంటుంది. ఇక ఎన్నిసార్లు తిరగాలన్నది ఐదో చానెల్ ఆక్స్ ఒక్కదానితోనే నడుపు. దీని లాభం ఏమిటంటే, ఐదో చానెల్‌లోని బాస్, ట్రెబుల్ నాబ్‌లు ఇప్పుడు చుట్టు లోపలికి వచ్చాయి. ఫేడర్ కూడా వచ్చిందో లేదో నీ మిక్సర్ ఆక్స్ ఫేడర్‌కు ముందు నుంచి తీస్తుందా, తర్వాత నుంచి తీస్తుందా అన్నదానిని బట్టి ఉంటుంది. ఫేడర్ తర్వాతదైతే ఐదో ఫేడర్‌ను దించితే చుట్టు కూడా తగ్గుతుంది. 1970లలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో సౌండ్ ఇంజినీర్ కింగ్ టబ్బీ మిక్సర్‌నే ఒక వాద్యంగా వాయించినప్పుడు చేసిన పని చాలావరకు ఇదే. ఎకోకు వెళ్లే దారిని తెరవడం, మూయడం, తిరిగి వచ్చే శబ్దాన్ని ఫిల్టర్‌తో సన్నబరచడం. చేతికి అందిన ఒక నాబ్ మీద పాటంతా నిలబెట్టవచ్చు.

అయితే చుట్టు లోపల ఉన్న ట్రెబుల్ నాబ్‌తో జాగ్రత్త. బయట ఉన్నప్పుడు అది రంగు మాత్రమే మారుస్తుంది. లోపల ఉన్నప్పుడు అదీ ఒక ఫీడ్‌బ్యాక్ నాబే. ఆక్స్ 0.6 దగ్గర భద్రంగా ఉందనుకో, ఎకో కాస్త మెరవాలని ట్రెబుల్‌ను 6 డెసిబెల్స్ పెంచావనుకో. 6 డెసిబెల్స్ అంటే రెట్టింపు. పైస్థాయిలో ఇప్పుడు నీ చుట్టు 1.2. కాసేపటికి కీచుమంటుంది. చాలామంది ఇక్కడ ఆక్స్‌ను అనుమానిస్తారు, దానిని అంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు కదా అని తల పట్టుకుంటారు. దీనికి తిరగేసిన సంగతి మనకు మేలు చేస్తుంది. చుట్టు లోపల 2 డెసిబెల్స్ తగ్గిస్తే ఒక్క వంతలో తేడా తెలియదు, కానీ పది వంతలకు 20 డెసిబెల్స్ తగ్గుతుంది. ట్రెబుల్‌ను కొంచెం, బాస్‌ను కొంచెం తగ్గించి పెట్టు. లో కట్ బటన్ ఉంటే నొక్కు. జమిడిక దెబ్బలో ఉండే అడుగు మోత ప్రతి వంతకూ పోగుపడి గుడగుడలాడుతుంది. గొంతుకు అది అక్కర్లేదు. ఎకో దూరమైనకొద్దీ మెత్తబడుతూ పోతే నీ నోటి పదాలకు చోటు దొరుకుతుంది.

జమిడిక గురించి ఇంకో మాట. దాని తీగను లాగినకొద్దీ స్వరం పైకి జారుతుంది. ఆ జారుడు మీదే దాని అందమంతా ఉంది. ఎకోలో పడితే ఒక జారుడు ముగియకముందే వెనకటి జారుడు తిరిగి వస్తుంది. రెండు మూడు ఒకదాని మీద ఒకటి పడితే శ్రుతి ఏదో తెలియకుండా పోతుంది. రెండో చానెల్ ఆక్స్‌ను గొంతు ఆక్స్‌లో సగమైనా ఉండకుండా చూసుకో. వంత పలకాల్సింది గొంతుకే. పాదం చివరి మాట దగ్గర మాత్రమే ఒకటో చానెల్ ఆక్స్‌ను తెరిచి, ఆ మాట పెడల్‌లోకి వెళ్లగానే మూసేస్తే, వెనక నిజంగా ఇద్దరు అందుకున్నట్టు ఉంటుంది. ఇలా అయితే చుట్టులో ఎప్పుడూ ఒక మాటే ఉంటుంది, పాటంతా ఉండదు. ఫీడ్‌బ్యాక్ అదుపులో ఇది సగం పని.

నాబ్ మీద అంకెలు నమ్మకు. పన్నెండు గంటల చోటు అంటే 0.5 అని ఏ కంపెనీ మాట ఇవ్వలేదు. కొన్ని మిక్సర్లలో ఆక్స్‌ను చివరిదాకా తిప్పితే 10 డెసిబెల్స్, కొన్నిటిలో 15 డెసిబెల్స్ అదనంగా పెరుగుతుంది. కాబట్టి నీ హద్దును నువ్వే కనిపెట్టుకోవాలి. స్పీకర్ ఆపు. హెడ్‌ఫోన్ల వాల్యూమ్ బాగా తగ్గించు, మొదట మెడలోనే ఉంచుకో. మైకు దగ్గర ఒక చిటిక వెయ్యి. ఐదో చానెల్ ఆక్స్‌ను మెల్లగా పెంచుతూ మీటర్ లైట్లు చూడు. ప్రతి వంతకూ లైటు ఒక మెట్టు దిగుతుందా, అక్కడే నిలబడుతుందా? నిలబడిన చోటే 1. అక్కడ మిక్సర్ మీద చిన్న టేపు ముక్క అంటించి గీత గియ్యి. దాని కన్నా చాలా కిందికి, చిటిక ఆరేడు వంతలలో మాయమయ్యే చోట ఇంకో గీత గియ్యి. పాట మొత్తం ఆ కింది గీత దగ్గరే నడవాలి. ఈక్వలైజర్ మార్చినా, గెయిన్ మార్చినా, పెడల్ మీద అవుట్‌పుట్ నాబ్ కదిలినా గీతలు మళ్లీ వేసుకోవాలి. ఇవన్నీ అదే చుట్టులో ఉన్నాయి మరి.

ఈ చుట్టులో కంప్రెసర్ పెట్టమని ఎవరైనా చెబితే వినకు. శబ్దం తగ్గినప్పుడు గెయిన్ పెంచి పెట్టడం దాని స్వభావం. నువ్వు ఊపిరి తీసుకునే సందులో అది ఎకోను పైకి లేపుతుంది, దానితో పాటు గది మోతను కూడా. గెయిన్ పెంచకుండా, ఒక ఎత్తు దాటనివ్వకుండా మాత్రమే ఆపే లిమిటర్ వేరే సంగతి. దాని గురించి చివర చెబుతాను.

పెడల్ మార్చమన్న మిత్రుడి మాటలో మాత్రం ఒక నిజం ఉంది. 1960లలో అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ వంటివాళ్లు రెండు టేపు రికార్డర్ల మధ్య ఒకే టేపును సాగదీసి, రెండో దాని శబ్దాన్ని తిరిగి మొదటి దానికి పంపి పొరలు పేర్చారు. 1974లో వచ్చిన రోలాండ్ ఆర్‌ఈ-201 ఎకో యంత్రంలో కూడా టేపే తిరుగుతుంది. టేపు ప్రతి చుట్టులో పైస్థాయిలను కొంచెం పోగొట్టుకుంటుంది, మరీ గట్టిగా వస్తే తనంతట తానే నలిగి మెత్తబడుతుంది. అందుకే హద్దు దాటినా గర్జిస్తుంది కానీ కీచుమనదు. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పుట్టిన బకెట్ బ్రిగేడ్ చిప్‌తో చేసిన అనలాగ్ పెడళ్లలో కూడా ఫిల్టర్లు తప్పనిసరి కాబట్టి ఎకో మసకబారుతూ పోతుంది. డిజిటల్ పెడల్ మొదటి వంత ఎలా ఉందో నూరో వంత కూడా అలాగే తెచ్చి ఇస్తుంది. ఆ మెత్తదనం దానిలో లేదు, నువ్వు తేవాలి. ఐదో చానెల్ ట్రెబుల్ తగ్గించమన్నది దీనికే. కొత్త పెడల్‌కు పెట్టే డబ్బు ఆ నాబ్ తిప్పితే మిగులుతుంది.

ఇక హాలు. మైకు, స్పీకర్ మధ్య పుట్టే కూతను డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త లార్సెన్ పేరుతో లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. నీ విషయంలో అది రెండు రకాలుగా పని చేసింది. ఒకటి నీకు తెలిసిన ఈల. రెండోది కనిపెట్టడం కష్టం: స్పీకర్‌లోంచి వచ్చిన ఎకో మైకులో పడి, ఒకటో చానెల్ ఆక్స్ ద్వారా మళ్లీ పెడల్‌లోకి వెళ్తుంది. అంటే గదిలో 0.8 దగ్గర ఉన్న డిలే చుట్టుకు హాలులో ఇంకో 0.2, 0.3 గాలి ద్వారా వచ్చి కలిసింది. గదిలో గీసుకున్న గీతలు హాలులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. వరంగల్ వైపు ఫంక్షన్ హాళ్లు, కాలేజీ సెమినార్ హాళ్లు చాలావాటిలో నేల గ్రానైటు, గోడలు నున్నటి సిమెంటు, పైన రేకులో కాంక్రీటో. అక్కడ శబ్దం పోవడానికి చోటు ఉండదు, మైకు దగ్గరికే తిరిగి వస్తుంది. హాలుకు వెళ్లగానే కొత్త గీతలు వేసుకోవడానికి కార్యక్రమానికి ముందు పది నిమిషాలు అడిగి తీసుకో. జనం నిండాక శబ్దం కొంత ఇంకిపోతుంది, అది నీకు అదనపు వెసులుబాటు.

మైకును పెదవులకు దగ్గరగా పెట్టుకో. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేస్తే నీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ మేరకు గెయిన్ తగ్గించుకోవచ్చు. గెయిన్ తగ్గితే స్పీకర్ శబ్దం మైకులో పడేది కూడా తగ్గుతుంది. ఇంత చవకైన ఉపాయం ఇంకొకటి లేదు. స్పీకర్ మైకుకు ముందు, జనం వైపు ఉండాలి, నీ వెనక కాదు. సాధారణ కార్డియాయిడ్ మైకుకు వెనక వైపు చెవుడు ఎక్కువ, కాబట్టి నువ్వు వినడానికి పెట్టుకునే మానిటర్ స్పీకర్ సరిగ్గా దాని తోక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే సరిగ్గా వెనక కాకుండా కాస్త పక్కలకు, సుమారు 125 డిగ్రీల దగ్గర చెవుడు. మైకు జాలీని గుప్పిటతో మూసి పట్టుకోకు, ఆ చెవుడంతా పోతుంది. జమిడికకు గాలి మైకు బదులు దాని ఒంటికే అంటించే చిన్న పీజో పికప్ దొరికితే దానిని ప్రయత్నించు. అది గాలిలోని శబ్దాన్ని అంతగా పట్టించుకోదు. తెరిచి ఉన్న మైకులు రెండు నుంచి ఒకటికి తగ్గితే సుమారు 3 డెసిబెల్స్ వెసులుబాటు వస్తుంది.

గొట్టంలోంచి వస్తున్నట్టు అయిన లూపు దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది ఇదే. లూపర్ పొర మీద పొర వేసేటప్పుడు పాత పొరను ఎంత ఉంచుతుంది? చాలా లూపర్లలో నూటికి నూరు వంతులు. అంటే ఆ చుట్టు పుట్టుకతోనే 1 మీద ఉంది. ఇప్పుడు నువ్వు ఓవర్‌డబ్ (పాత పొర మీద కొత్త పొర వేయడం) నొక్కి పాడుతున్నప్పుడు స్పీకర్‌లోంచి వస్తున్న పాత లూపు కూడా నీ మైకులో పడుతుంది, మళ్లీ లూపర్‌లోకి చేరుతుంది. మైకులో పడేది 0.1 మాత్రమే అనుకో. 1, 0.1 కలిపితే 1.1. పది ఆవర్తనాలకు 8 డెసిబెల్స్ పెరుగుదల, నువ్వు కొత్తగా ఒక్క స్వరం పాడకపోయినా సరే. పైగా స్పీకర్ నుంచి మైకుకు శబ్దం రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం వల్ల కొన్ని స్వరాలు పాతవాటితో కలిసి పెరుగుతాయి, కొన్ని ఎదురు తగిలి తగ్గుతాయి. ప్రతి ఆవర్తనానికీ ఎక్కే స్వరాలు ఇంకా ఎక్కి, దిగేవి ఇంకా దిగి, చివరికి కొన్ని శ్రుతులే మిగులుతాయి. నీకు గొట్టంలా వినిపించింది అదే. అది హాలు గొంతు, నీది కాదు.

దీనికి మందు రెండు విధాలు. లూపర్‌లో ఓవర్‌డబ్ స్థాయి మార్చే వీలుంటే 85 దగ్గర పెట్టు. 0.85కు 0.1 కలిపితే 0.95, హద్దులోనే ఉంది. పాత పొరలు మెల్లగా వెనక్కి వెళ్లి కొత్తవాటికి దారి ఇస్తాయి, నాకైతే వినడానికి కూడా అదే బాగుంటుంది. మార్చే వీలు లేకపోతే రెండో మందు: ఓవర్‌డబ్‌లో ఒక్క క్షణం కూడా ఊరికే ఉండకు. పొర వేయడం అయిపోగానే పెడల్ నొక్కి ప్లే లోకి వచ్చెయ్. ప్లేలో ఉన్నంతసేపు లూపు ఎన్నిసార్లు తిరిగినా ఒక్క చుక్క కూడా పెరగదు. ఓవర్‌డబ్‌లో ఉన్నప్పుడు వాయించని మైకు ఫేడర్ కింద ఉండాలి. వీలైతే పొరలు వేసేంతవరకు స్పీకర్‌ను తగ్గించి, లూపును ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో విను.

లూపర్ చోటు కూడా మార్చమంటాను. ఇప్పుడు అది మెయిన్ తర్వాత ఉంది కాబట్టి గొంతు, జమిడిక, ఎకో అన్నీ కలిసి దానిలో గడ్డకడుతున్నాయి. ఒకసారి లూపులో పడిన ఎకోను తర్వాత నువ్వు తీయలేవు. నీ మిక్సర్‌లో మొదటి రెండు చానెళ్లకు ఇన్‌సర్ట్ జాక్ (చానెల్ దారి మధ్యలో ఇంకో పరికరాన్ని కలిపే చోటు) ఉందేమో చూడు. ఉంటే, ఒక జాక్ రెండుగా చీలే ఇన్‌సర్ట్ కేబుల్‌తో లూపర్‌ను ఒకటో చానెల్‌లోకి చేర్చు. అప్పుడు లూపులోకి ఒట్టి గొంతే వెళ్తుంది, ఎకో ఆ తర్వాత కలుస్తుంది. లూపు నడుస్తుండగానే ఎకోను పెంచవచ్చు, తగ్గించవచ్చు, పూర్తిగా మూసేయవచ్చు, పాట చెక్కు చెదరదు. జమిడికను లూపు చేయలేకపోవడం దీనిలో ఉన్న లోటు. నా ఉద్దేశంలో దానిని నువ్వు చేతితో వాయిస్తేనే జనానికి ఆట. ఇన్‌సర్ట్ లేకపోతే ఇప్పుడున్నట్టే ఉంచి, పొరలు వేసేటప్పుడు ఎకోను తక్కువలో పెట్టుకో. డిలే సమయం మాత్రం లయకు సరిపోవాలి: నిమిషానికి 90 చప్పట్ల నడకకు ఒక చప్పట్టు 667 మిల్లీసెకన్లు. ఎనిమిది చప్పట్ల లూపు 5.33 సెకన్లు వస్తుంది. చుట్టుకు 6 డెసిబెల్స్ తగ్గేలా పెట్టుకుంటే ఒక ఆవర్తనం పూర్తయ్యేసరికి మొదటి మాట 48 డెసిబెల్స్ దిగిపోతుంది, అతుకు దగ్గర ఎకో తెగినట్టు ఉండదు.

ఫీడ్‌బ్యాక్‌ను ఆపే యంత్రం సంగతి. అది సాగుతున్న ఒకే శ్రుతిని వెతికి, ఆ శ్రుతి దగ్గర సన్నటి గాటు పెడుతుంది. ఉపన్యాసాలకు మంచిదే. నీ పాటలో సాగే ఎకో, నిలబెట్టిన స్వరం కూడా దానికి కూతలాగే కనిపించవచ్చు. అప్పుడు నీ స్వరానికే గాటు పడుతుంది. తీగలలోపలి చుట్టుకు, లూపర్ పొరలకు అది మందు కాదు.

హద్దు దాటినప్పుడు ఏది పట్టుకోవాలో చెయ్యికి నేర్పు. మొదట ఐదో చానెల్ ఆక్స్ సున్నాకు. ఆగకపోతే గొంతు మైకు ఫేడర్ కిందికి. మెయిన్ చివరిది. పెడల్ ఫుట్‌స్విచ్‌ను నమ్ముకోకు. స్విచ్ ఆపినా మిగిలిన ఎకో సాగేలా చేసిన పెడళ్లు చాలా ఉన్నాయి, వాటిలో స్విచ్ నొక్కినా లోపలి చుట్టు ఆగదు. స్పీకర్ తెరిచి ఉండగా తీగలు పీకడం అసలే వద్దు. చెవుల సంగతి కూడా గట్టిగా చెబుతున్నాను: 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం అన్నది అమెరికాలోని నియోష్ సంస్థ చెప్పే లెక్క. దాని ప్రకారం 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలే. హెడ్‌ఫోన్లలో కూత పుడితే చెవికీ దానికీ మధ్య అంగుళం దూరం కూడా ఉండదు. ఈ ప్రయోగాలన్నీ తక్కువ వాల్యూమ్‌లోనే చెయ్యి.

చివర ఉప్పొంగడం నీకు ఇష్టమన్నావు, నాకూ ఇష్టమే. అది చేయాలంటే హద్దు దాటాలి, కానీ తెలిసి దాటాలి. చివరి మాట పాడగానే, హద్దు దాటకముందే గొంతు మైకు ఫేడర్ దించెయ్, గాలి చుట్టు అడ్డం రాకుండా. లూపర్ ప్లేలో ఉండాలి, ఓవర్‌డబ్‌లో ఉండకూడదు. స్పీకర్‌కు ముందు, చుట్టు బయట, లిమిటర్ ఉంటే మంచిది. చాలా పవర్డ్ స్పీకర్లలో అది లోపలే ఉంటుంది. చివరి మాట పెడల్‌లోకి వెళ్లగానే ఐదో చానెల్ ఆక్స్‌ను పై గీత దాటించి, మూడు నాలుగు వంతలు లెక్కపెట్టు. మోత లేస్తుండగా ట్రెబుల్‌ను తగ్గిస్తూ వస్తే అది కీచుమనకుండా బరువెక్కుతుంది. ఇంకొక్క వంత ఆగుదామనిపించినప్పుడే ఆక్స్‌ను కింది గీతకు తెచ్చెయ్. నీ పెడల్‌లో 667 మిల్లీసెకన్లకు అది ఆరేడు సెకన్లలో దిగిపోతుంది. ఆ సమయమంతా జమిడిక మీద చెయ్యి వెయ్యకు.